డప్పుకు చలేస్తుంది

ఆషాఢం, బోనాల ఆదివారం. తెల్లవారి నుంచీ ముసురు. సికింద్రాబాద్‌లో ఒక సందు మొదట్లో నలుగురు డప్పు కళాకారులు పాత పేపర్లూ, అట్టముక్కలూ, పిడికెడు ఎండుగడ్డీ పోగేసి నిప్పు పెట్టారు. మంట చుట్టూ డప్పులు పట్టుకుని కూర్చుని, పెనం మీద రొట్టె తిప్పినట్టు వాటిని తిప్పుతున్నారు. వాళ్లలో పెద్దాయన మధ్యమధ్య తోలు మీద వేలితో ఒక్కటేసి వింటున్నాడు. మొదట్లో ‘దబ్బు’మన్న తోలు పది నిమిషాలకు ‘కణ్ణు’మంది. అప్పుడు లేచి డప్పు భుజాన వేసుకున్నాడు.

ఎందుకు కాస్తారని అడిగాను. “దానిక్కూడ సలి పెడ్తది సారూ” అన్నాడు నవ్వుతూ.

నవ్వుతాలుకే అన్నా, ఆ మాటలో చాలా విజ్ఞానం ఉంది. ఆయన చలి అన్నదాన్ని భౌతికశాస్త్రం తేమ అంటుంది, అంతే తేడా. డప్పు కానీయండి, మృదంగం కానీయండి, కంజీర కానీయండి, తోలు మూసిన వాద్యాన్ని చూసుకోవడమంటే ఆ తోలులో ఉన్న నీటిని చూసుకోవడమే. దాన్ని తుడవడమైనా, కాచడమైనా, దాచడమైనా ఈ నీటి లెక్క మీదే నడుస్తుంది. ఆ లెక్క అర్థమైతే, ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒకరు చెప్పనక్కర్లేదు.

చెప్పు తోలు వేరు, డప్పు తోలు వేరు

బతికున్న జంతువు చర్మంలో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్లే. ఆ నీళ్లు తీసేస్తే మిగిలేదాంట్లో సింహభాగం కొల్లాజెన్ అనే ప్రొటీను. ఈ కొల్లాజెన్ అణువు ఆకారాన్ని తొలిసారి సరిగ్గా ఊహించింది మద్రాసు విశ్వవిద్యాలయంలోనే. 1954లో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి ఆ నమూనాను ప్రకటించారు. మూడు పాయలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయని వాళ్లు తేల్చారు. మన ఇళ్లలో అమ్మాయిలకు వేసే జడే అనుకోండి. ఇలాంటి జడలు లక్షల కొద్దీ కట్టలు కట్టి, ఆ కట్టలు మళ్లీ అడ్డదిడ్డంగా అల్లుకుంటే అది తోలు.

ఈ జడల మధ్య సందుల్లోకి నీటి అణువులు సులువుగా దూరతాయి. ప్రొటీను గొలుసుల మీద నీటిని పట్టి ఉంచే చోట్లు అడుగడుగునా ఉంటాయి. నీళ్లు చేరితే జడలు ఒకదాని మీద ఒకటి జారతాయి, తోలు మెత్తబడుతుంది. నీళ్లు పోతే జడలు దగ్గరికి చేరి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తోలు బిర్రబిగుసుకుంటుంది.

మరి మన కాలి చెప్పు వానకు తడిసి, ఎండకు ఎండినా డప్పులా బిగుసుకోదేం? అది లందలోకి వెళ్లి వచ్చిన తోలు. పాతకాలంలో చెప్పుల తోలును తంగేడు చెక్క వేసిన నీళ్లలో, లందలో, రోజుల తరబడి ఊరవేసేవారు. ఆ చెక్కలోని వగరు పదార్థాలు, అంటే టానిన్లు, కొల్లాజెన్ జడల మధ్య దూరి వాటిని పట్టుకుంటాయి. దాంతో తోలు కుళ్లదు, నీటికి అంతగా లొంగదు, ఎండినా అట్టలా గిడసబారదు. బతుకమ్మలో పేర్చే పసుపు పూల తంగేడు చెట్టుకు ఇది రెండో వృత్తి.

డప్పు తోలుకు ఈ ఊరవేత లేదు. సున్నపు నీళ్లలో నానబెట్టి, బొచ్చు ఊడగొట్టి, లోపలి వైపు కొవ్వూ కండా గీకేసి, తడిగా ఉండగానే చట్రం మీద లాగి కట్టి ఆరబెడతారు. ఆరేటప్పుడు తోలు ముడుచుకోవాలని చూస్తుంది, చట్రం ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాటే బిగువు. అంటే డప్పు మీద ఉన్నది చివరిదాకా పచ్చితోలే. అది పచ్చిగా ఉండబట్టే మోగుతుంది, పచ్చిగా ఉండబట్టే గాలిలో తేమను తాగుతుంది. ముట్టుకుంటే పొడిగా, గట్టిగా అనిపించే డప్పు తోలు బరువులో కూడా పదో వంతుకు పైగా నీళ్లుంటాయి.

ఏ తోలును ఊరవేయాలో, ఏ తోలును పచ్చిగా ఉంచాలో తెలిసిన ఈ శాస్త్రం మాదిగవాడల్లో, చేతి నుంచి చేతికి పెరిగింది. తోలు ముట్టుకుంటారని ఊరు వాళ్లను దూరం పెట్టింది. వాళ్లు కుట్టిన చెప్పు లేకుండా పొలానికీ, వాళ్లు కొట్టిన డప్పు లేకుండా పెళ్లికీ చావుకీ ఊరు కదిలింది లేదు.

శ్రుతి ఎక్కడికి జారింది?

సాగదీసి కట్టిన పొర ఏదైనా ఎంత వేగంగా కంపిస్తుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: దాని వెడల్పు, బరువు, బిగువు. వెడల్పు పెరిగినా, బరువు పెరిగినా ధ్వని కిందికి దిగుతుంది. బిగువు పెరిగితే పైకి ఎక్కుతుంది. కాకపోతే బిగువు నాలుగింతలు చేస్తే గానీ శ్రుతి రెండింతలు కాదు. ఇది వర్గమూలం లెక్క.

ముసురు రోజున డప్పుకు రెండు వైపులా దెబ్బ. తోలు నీళ్లు తాగి బరువెక్కుతుంది, అదే సమయంలో సాగి బిగువు కోల్పోతుంది. రెండూ శ్రుతిని కిందికే లాగుతాయి. ఎక్కువ దెబ్బ కొట్టేది మాత్రం రెండోదే. తోలు బరువు పదో వంతు పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం కూడా పూర్తిగా దిగదు. బిగువు ఐదో వంతు తగ్గితే చాలు, దాదాపు రెండు స్వరస్థానాలు దిగుతుంది. షడ్జంలో పలకాల్సింది కైశికి నిషాదంలో పలుకుతుందన్నమాట. మెత్తబడిన తోలు కంపనాలను తనలోనే మింగేస్తుంది కూడా. అందుకే చలిపెట్టిన డప్పు శ్రుతి తగ్గడంతో ఆగదు, మూగబోతుంది.

హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం కంటే కిందికి పడిపోతుంది. ఆషాఢం ముసురులో 90కి చేరుతుంది. రెండు నెలల తేడాలో అదే డప్పు, అదే తోలు రెండు వేర్వేరు వాద్యాలైపోతాయి. మంట ఆ తేడాను కాసేపు చెరిపేస్తుంది. కాసేపే, ఎందుకంటే మంట దగ్గర వదిలిన నీటిని తోలు మళ్లీ గాలిలోంచి తెచ్చుకుంటుంది. ఊరేగింపు మధ్యలో ఆగి ఆగి డప్పులు కాచుకునేది అందుకే.

ఎంత వేడి?

ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. ఎముకలు ఉడకబెట్టి పాయా చేసినప్పుడు పులుసు చల్లారాక జిగురుగా గడ్డకట్టడం చూసే ఉంటారు. ఆ జిగురు ఒకప్పుడు కొల్లాజెనే. తడిగా ఉన్న కొల్లాజెన్‌కు 60 డిగ్రీల సెల్సియస్ దాటి వేడి తగిలితే మూడు పాయల జడ విడిపోతుంది. తోలు ఒక్కసారిగా ముడుచుకుపోయి, ఆనక గాజులా పెళుసుబారుతుంది. విడిపోయిన ఆ జడను మళ్లీ ఎవరూ అల్లలేరు.

పొడిగా ఉన్న తోలు మాత్రం ఇంతకంటే చాలా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. పాయలు దగ్గరగా చేరి ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉంటాయి కాబట్టి వాటిని విడదీయడం కష్టం. ప్రాణం తీసేది వేడి ఒక్కటే కాదు, తడీ వేడీ కలవడం. వానలో నానిన డప్పును తెచ్చి నేరుగా మంటకు పెడితే దాన్ని ఉడకబెట్టినట్టే. ముందు పొడి బట్టతో నీళ్లు ఒత్తి తీసి, నీడలో గాలికి ఆరబెట్టాలి. తోలు మళ్లీ గట్టిపడ్డాకే సెగ చూపాలి.

కాచేటప్పుడు కూడా మంట నాలుక తోలుకు తగలకూడదు, సెగ మాత్రమే తగలాలి. ఒకే చోట ఆపితే అక్కడ ఎక్కువ ఎండి, బిగువు అంతా ఒకవైపే పడుతుంది. అందుకే ఆ రొట్టె తిప్పుడు. కొలతకు థర్మామీటరు అక్కర్లేదు. తోలు మీద అరచేయి ఆనించినప్పుడు హాయిగా ఉండాలి. చేయి వెనక్కి లాక్కోవాలనిపిస్తే తోలునూ వెనక్కి తీయాలి.

నీళ్లడిగే తోలు

డప్పు నిప్పు అడిగితే, కంజీర నీళ్లడుగుతుంది. జానెడు వెడల్పు కూడా లేని ఈ చిన్న వాద్యానికి తోలును చాలా బిగించి అతికిస్తారు. పొడిగా ఉంటే కీచుమంటుంది. అందుకే కచేరీకి ముందు కళాకారుడు లోపలి వైపు నాలుగు చుక్కలు చిలకరించి, వేళ్లతో పామి, కాసేపు ఆగుతాడు. తోలు సాగి, అరచేతిలో పట్టే ఆ వాద్యం లోంచి ఘటం మింగేసినంత గంభీరమైన నాదం వస్తుంది. ఆరేకొద్దీ శ్రుతి పైకి జారుతుంది కాబట్టి పక్కనే గిన్నెలో నీళ్లుంటాయి. సంప్రదాయంగా కంజీరకు ఉడుము తోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుము రక్షిత జంతువు. దాని తోలు అమ్మడం, కొనడం నేరం. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు మేకతోలు, కృత్రిమ పొరలే దారి.

మృదంగంలో ఈ రెండు స్వభావాలూ ఒకే కర్రకు రెండు చివర్ల కాపురం చేస్తాయి. ఎడమ వైపు, అంటే తొప్పి మీద నీళ్లతో తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అతికిస్తారు. ఆ బరువుకూ తడికీ ధ్వని కిందికి దిగి గుమ్ముమంటుంది. కుడి వైపు నల్లటి పూతకు మాత్రం తడి తగలకూడదు. ఇనుము, మాంగనీసు ఉన్న రాతిపొడిని అన్నంతో కలిపి మెదిపి, పలుచని పొరలుగా వేస్తూ, నున్నటి రాయితో రుద్దుతూ చేసే పూత అది. అన్నమే దాని జిగురు. తడి తగిలితే ఆ జిగురు నాని పెచ్చులూడుతుంది.

ఆ నల్ల పూత ఎందుకో చెప్పినవాడు విశాఖపట్నంలో బాల్యం గడిపి, అక్కడే బడికి వెళ్లిన సి.వి.రామన్. మామూలు తోలు పొరను కొడితే మూలస్వరంతో పాటు పైన పుట్టే అనుస్వరాలు దానికి 1.59, 2.14, 2.30 రెట్లు, ఇలా పొంతన లేకుండా ఉంటాయి. చెవికి అది ఒక స్వరంగా వినబడదు, చప్పుడుగా వినబడుతుంది. నల్ల పూత మధ్యలో బరువు పెంచి వాటిని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా సర్దుతుందని రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో చూపించాడు. అందుకే మృదంగాన్ని గాయకుడి షడ్జానికి కలపగలుగుతున్నాం. ఆ పూతలోంచి చిన్న పెచ్చు ఊడినా ఈ సర్దుబాటు చెడుతుంది. దాన్ని పదునైన దేనితోనూ గీకకూడదనడానికి కారణం అదే. పూత మీద వలలాగా కనిపించే సన్నటి పగుళ్లు చూసి కంగారుపడనక్కర్లేదు. అవి లేకపోతే పూత ఒకే రేకులా బిగిసి తోలును ఆడనివ్వదు.

కచేరీ అయ్యాక తొప్పి మీది రవ్వను అలా వదిలేయడం చాలామంది విద్యార్థులు చేసే తప్పు. తడి పిండి అంటే బూజుకు విందు. ముద్ద తీసేసి, అంటుకున్నది మెత్తగా ఉండగానే తుడిచి, ఎడమ మూత ఆరాకే గుడ్డ సంచిలో పెట్టాలి.

తుడవడంలో తప్పులు

కొన్నేళ్ల కిందట ఒక జాతరలో చిన్న డప్పు కొని గోడకు తగిలించాను. ఏడాదికి తోలు మీద మరకలు, దుమ్ము పట్టాయి. చెప్పులకు పాలిష్ పెడతాం కదా, దీనికీ కాస్త నూనె పెడితే మెరుస్తుందనుకుని కొబ్బరినూనె రాశాను. నిజంగానే మెరిసింది. ఆ తర్వాత కొడితే మాత్రం తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టే. నూనె కొల్లాజెన్ కట్టల మధ్య దూరి వాటిని జారుడు చేసింది, బరువు పెంచింది. నీళ్లయితే సెగకు ఆవిరైపోతాయి. నూనె పోదు, లోపలే ఉండి ముక్కిపోతుంది. తోలు మార్పించుకోవలసి వచ్చింది.

కాబట్టి పచ్చితోలుకు నూనె వద్దు, పాలిష్ వద్దు. సబ్బు అసలే వద్దు, నురగతో పాటు నీళ్లూ లోపలికి పోతాయి. ముఖం తుడుచుకునే తడి కాగితాలు ఇంకా మోసం. అవి ఆరకుండా ఉండడానికి గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. ఆ పదార్థం తోలు మీదా అదే పని చేస్తుంది, తడిని పట్టి కూర్చుంటుంది. 

చేయాల్సింది తక్కువే. పాత పంచె ముక్క లాంటి మెత్తటి పొడి నూలు బట్ట తీసుకుని, మధ్య నుంచి అంచులకు మెల్లగా తుడవాలి. దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, గట్టిగా రుద్దితే గరుకు కాగితంతో గీకినట్టే. చట్రానికీ తోలుకూ మధ్య, తోలుపట్టీల ముడుల మధ్య ఇరుక్కున్నదాన్ని మెత్తటి బ్రష్షుతో దులపాలి. చేతుల జిడ్డు వల్ల నల్లబడిన చోట పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో తేలిగ్గా రుద్దితే చాలావరకు పోతుంది. అప్పటికీ మొండిగా ఉంటే బట్టను తడిపి, అరచేతికి చెమ్మ తెలియనంతగా పిండి, ఒక్కో చోటే అద్ది, వెంటనే పొడి బట్టతో ఒత్తాలి. ఆ రోజంతా నీడలో ఆరనిచ్చి మర్నాడు వాయించాలి.

అసలు మురికి పట్టకుండా చూసుకోవడం అన్నిటికంటే సులువు. వాయించే ముందు చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకుంటే సగం పని అయిపోయినట్టే. చెమటలో నీళ్లతో పాటు ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు కారుతుంది, వానాకాలంలో ఉప్పు జాడీని చూస్తే తెలుస్తుంది. చెమట ఆరినా ఆ ఉప్పు తోలులో ఉండిపోయి, ముసురు రోజుల్లో తేమను పిలుస్తుంది. వాయించడం అయ్యాక ఓసారి పొడి బట్టతో తుడవాలని గురువులు పట్టుబట్టేది అందుకే. వేళ్లకు ఉంగరాలు ఉంటే తీసేయాలి. బిగువుగా ఉన్న తోలు మీద చిన్న గాటు పడితే లాగుడంతా ఆ గాటు కొసన చేరుతుంది, నాలుగు దెబ్బలకు చీలిక పాకుతుంది.

దసరాకు ఆయుధపూజలో వాద్యాలకు పసుపు కుంకుమలు పెట్టడం మనకు అలవాటు. ఆ బొట్లేవో కర్ర మీద పెడితే దేవుడూ సంతోషిస్తాడు, తోలూ సంతోషిస్తుంది.

దాచేచోటు

రోజూ వాయించే వాద్యం చెడిపోవడం తక్కువ. పెట్టెలో పెట్టి మరిచిపోయినదానికే పురుగు పడుతుంది. ఎండు తోలును తిని బతికే పెంకు పురుగులు ఉన్నాయి. వాటి పిల్లలు ఒంటినిండా నూగుతో ఉంటాయి. తోలు మీద చిన్న చిన్న గుంటలు, కింద సన్నటి పొడి, ఒలిచేసినట్టుండే నూగు పొట్టు కనబడితే వచ్చేశాయన్నమాట. ఇంట్లో వేపాకు వేస్తారు, మంచిదే. దాన్ని నమ్ముకుని ఆర్నెల్లు పెట్టె తెరవకపోతే లాభం లేదు. నెలకోసారి బయటికి తీసి, రెండు వైపులా దులిపి, నాలుగు దరువులు వేయడమే అసలు మందు.

తేమ చాలాకాలం 70 శాతం పైన ఉంటే బూజు పడుతుంది. పడితే ఇంటి బయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్షుతో దులిపి గాలికి ఉంచాలి. తడిబట్టతో తుడిస్తే బూజుకు నీళ్లు పోసినట్టే. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం కూడా తోలులోని తేమను దానికే ఆవిరి పట్టడం లాంటిది. గుడ్డ సంచి మేలు. చెమ్మ గోడకు తగిలించొద్దు.

అతి పొడి కూడా అంతే ప్రమాదం. మే నెలలో ఎండకు నిలిపిన కారులో మృదంగం వదిలేసి వచ్చినవాళ్లను అడగండి. తిరిగొచ్చేసరికి మూత చీలిపోయి ఉంటుంది. అమెరికాలో పిల్లలకు మృదంగం నేర్పించే తెలుగువాళ్లకు ఇదే కష్టం చలికాలంలో ఎదురవుతుంది. గడ్డకట్టే బయటి గాలిలో ఆవిరి చాలా తక్కువ. దాన్ని ఇంట్లోకి తెచ్చి వేడి చేస్తే తేమ 20 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. మన వానాకాలం అనుభవంతో అక్కడ కూడా వాద్యాన్ని హీటరు పక్కన పెడితే తోలు తెగేదాకా బిగుసుకుంటుంది. అక్కడ వాద్యాన్ని వేడిగాలి వచ్చే చోటుకు దూరంగా ఉంచి, గదిలో తేమ పెంచే యంత్రం పెట్టుకోవాలి.

ఈ బాధలన్నీ ఎందుకని పాలియెస్టర్ పొర వేసిన డప్పులు వచ్చాయి. ఆ పొర నీళ్లు తాగదు, దానికి చలి పెట్టదు, మంట అక్కర్లేదు. వానలో ఊరేగింపులకు హాయి. కానీ దాని గలగల వేరు. పచ్చితోలు ఎగువ అనుస్వరాలను కొంత తనలో ఇముడ్చుకుని, గుండెకు తగిలే ఆ దెబ్బను ముందుకు తోస్తుంది. నీళ్లు తాగే గుణమూ ఈ గుణమూ ఒకే అల్లికలోంచి వచ్చాయి.

బోనాల రోజు రాత్రికి ముసురు కాస్తా జడివానయింది. ఊరేగింపు చెదిరిపోయి అందరం ఒక షట్టర్ల అరుగు మీద చేరాం. పెద్దాయన డప్పు నీళ్లోడుతోంది. పక్కనే టీ బండి స్టవ్వు భగభగ మండుతోంది. కూడా వచ్చిన కుర్రాడు డప్పు తీసుకుని అటు వెళ్లబోయాడు.

“ఆగుర బిడ్డా, ఇప్పుడే కాదు. ముందుగాల గాలికి ఆరనీ” అని పెద్దాయన డప్పు వెనక్కి తీసుకున్నాడు. మెడలో కండువా తీసి దానితో నీళ్లు ఒత్తి తీశాడు, రుద్దలేదు. అరుగు చివర, జల్లు కొట్టని చోట ఉన్న మేకుకు దాన్ని తగిలించి, వేలితో ఒక్కటేశాడు. దబ్బుమంది. తలూపి, టీ తాగడానికి వెళ్లాడు.